పిడికిలి మూసిన చోటు

ఉప్పల్ నుంచి నాచారం దాకా ఎంతమంది డాక్టర్లున్నారో నాకు తెలియదు కానీ, వాళ్ళెవ్వరూ పట్టుకోలేని ఒక మెదడు జబ్బును పట్టుకున్న మనిషి మాత్రం నాకు బాగా తెలుసు. ఆ మనిషిని నేనే. సూది గుచ్చలేదు, ఫొటో తీయలేదు, నాడి కూడా పట్టలేదు. రోగికి ముప్ఫై అడుగుల కింద తలపైకెత్తి నిలబడి, ఒక్క రెప్పపాటు తేడాను లెక్కగట్టి, ఈ మనిషి తలలో ఏదో ఆలస్యమవుతోందని చెప్పేశాను. ఈ మాట నేను పెళ్ళిళ్ళలో చెప్పాను, చావుల్లో చెప్పాను, ఉప్పల్ డిపో దగ్గర బస్సుకోసం నిలబడ్డ ముక్కూముఖం తెలియనివాళ్ళకు కూడా చెప్పాను. మా ఇంట్లో నేను ‘ముప్ఫై అడుగుల కింద’ అనగానే కోడలు టీవీ సౌండు పెంచుతుంది.

మొన్న షుగరు పరీక్షకని దవాఖానాకు వెళ్ళాను. నా నంబరు రావడానికి చాలాసేపుంది. ఎదుటి గది తలుపు సగం తెరిచి ఉంది. లోపల ఒక నడివయసు ఆడమనిషి బల్ల ముందు కూర్చుని, కాగితం మీద పెన్సిలుతో గీతలు గీస్తోంది. కాగితం నిండా చెల్లాచెదురుగా చిన్నచిన్న గుండ్రాలు, గుండ్రాల్లో అంకెలు. ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు గీత కలుపుకుంటూ పోవాలి. పక్కన నర్సు చేతిలో గడియారం. ఆమె పదకొండు దగ్గర ఆగింది. పన్నెండు ఆమె మోచేతి పక్కనే ఉంది. వరండాలో కూర్చున్న నాకు కనిపిస్తోంది. ఆమెకు కనిపించడం లేదు.

నా కుడిచెయ్యి దానంతట అదే లేచింది. ఎడమకు, ఇంకా ఎడమకు అని అరచేత్తో గాలిని తోశాను. తరవాత పిడికిలి మూశాను. పక్కన కూర్చున్నాయన నన్ను ఎగాదిగా చూసి ఒక కుర్చీ అవతలకు జరిగాడు. చెయ్యి జేబులో పెట్టుకున్నాను. నా నంబరు మూడుసార్లు పిలిచారట. నాకు వినపడలేదు.

అలాంటి కాగితం ముందు కూర్చున్న ఇంకో మనిషి నాకు గుర్తొచ్చాడు. ఆయన గురించే ఇదంతా.

ఆయన పేరు రాయను. లివర్ జబ్బుతో పోయాడని రాస్తే చాలు, చదివేవాళ్ళు ముందు గ్లాసు వెతుకుతారు. ఆయన బతికుండగానే మా షెడ్డులో సగంమంది వెతికారు. పేరు రాసి మిగతా సగానికి పని చెప్పడం నాకిష్టం లేదు. మేమిద్దరం ఒకరినొకరం ‘బావా’ అనుకునేవాళ్ళం. ఆయన చర్చికి, నేను యాదగిరిగుట్టకు. మీకు చుట్టరికం ఎక్కడ కలిసిందని ఎవరన్నా అడిగితే ఆయన వేలు పైకి చూపించేవాడు. దేవుణ్ణి కాదు, క్రేనును.

నాచారంలో ఇనుప దూలాలు తయారుచేసే షెడ్డు మాది. కప్పు కింద ఈ చివర నుంచి ఆ చివరకు పట్టాల మీద నడిచే క్రేను ఉండేది. దానికి వేలాడే చిన్న గదిలో ఆయన. కింద నేల మీద నేను. హుక్కుకు బరువు తగిలించి, ఎటు తీసుకెళ్ళాలో, ఎక్కడ ఆపాలో సైగలతో చెప్పడం నా కొలువు. ఆ షెడ్డు మోతలో నోటిమాట పనిచేయదు. చూపుడువేలు పైకి తిప్పితే ఎత్తు, కిందికి తిప్పితే దించు, అరచెయ్యి తోస్తే అటు నడువు, పిడికిలి మూస్తే ఆగు. ఈ నాలుగు మాటలతో పద్దెనిమిదేళ్ళు కాపురం చేశాం. మా ఇంటిదానితో అన్ని మాటలున్నా ఇంత సాఫీగా సాగలేదు.

ఆయన ఐదు టన్నుల దూలాన్ని కోడిగుడ్డు మీద ఆనించి, గుడ్డు చిట్లకుండా మళ్ళీ ఎత్తాడని నేను అందరికీ చెబుతుంటాను. గుడ్డు కాదు, అగ్గిపెట్టె. ఐదు టన్నులు కాదు, ఒక టన్ను. అగ్గిపెట్టె కూడా కొంచెం నలిగింది. కానీ లోపల పుల్ల ఒక్కటీ విరగలేదు, ఇది మాత్రం ఒట్టు. అందులోని పుల్లతోనే నేను బీడీ ముట్టించుకున్నాను.

నిచ్చెన ఎక్కేముందు చెప్పులు విడిచి, జతగా గోడకు ఆనించి పెట్టేవాడు. ఒక్కొక్క మెట్టూ పైకి వినపడేలా లెక్కపెడుతూ ఎక్కేవాడు. ముప్ఫై రెండు మెట్లు. పద్దెనిమిదేళ్ళలో అవి ముప్ఫై మూడు కాలేదు.

“లెక్కెందుకు బావా, మెట్లేమన్న పారిపోతయా?” అనేవాణ్ణి.

“మెట్లు పారిపోవు. నా మనసు పారిపోకుంట గీ లెక్క.”

ఒకసారి ఎక్కాడంటే మధ్యాహ్నం దాకా దిగడు. పదకొండింటికి నేను చాయ్ ఫ్లాస్కును హుక్కుకు తగిలించేవాణ్ణి. పది టన్నులు మోసే హుక్కు ఆ చిన్న ఫ్లాస్కును పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పైకి పోయేది. ఒక్క చుక్క తొణికేది కాదు. బరువును చెప్పిన చోట దించాక, పైనుంచి పానాతో ఇనుము మీద రెండుసార్లు టక్కుటక్కుమని కొట్టేవాడు. అయిందీ, సంతోషం అని దానర్థం. ఎప్పుడన్నా బరువు ఊగితే సాయంత్రం దిగాక తనే సంజాయిషీ చెప్పేవాడు: “బరువు ఊగదు బావా. మనమే ఊపుతం.”

దసరాకు మేం క్రేనుకు కుంకుమ పెట్టి, యాటను కోసేవాళ్ళం. ఆయన దూరంగా చేతులు కట్టుకుని నిలబడి, పూజ అయ్యేదాకా ఆగి, విస్తరి దగ్గరికి అందరికన్నా ముందొచ్చేవాడు. “పూజ మీది, కూర మనది,” అనేవాడు. మందు మాత్రం వాసన కూడా చూసేవాడు కాదు. మేం గ్లాసులు పట్టుకుంటే ఆయన పల్లీల పళ్ళెం పట్టుకునేవాడు. “మీరు తాగుండ్రి, నేను నములుత,” అని మొత్తం ఖాళీ చేసేవాడు.

అలాంటి మనిషి పాదాలు వాచాయి. పొద్దున విడిచిన చెప్పులు సాయంత్రం పట్టడం లేదు. పరీక్షలు చేయిస్తే లివరంతా గట్టిపడిపోయిందన్నారు. ఎప్పుడో పాతికేళ్ళ కింద ఆపరేషనుకు ఎక్కించిన రక్తంతో ఒంట్లోకి చేరిన జబ్బేదో, చప్పుడు లేకుండా ఇన్నేళ్ళు తినేసిందన్నారు. షెడ్డులో వినాలి మీరు! “పల్లీలు మన ముంగట, మందు ఇంట్ల,” అని ఒకడు. “గందుకే పైన కూసుంటుండు, వాసన కిందికి రాకుంట,” అని ఇంకొకడు. నేను నిర్ఘాంతపోయాను. ఇన్నేళ్ళు తాగింది నేను, ఎండిపోయింది ఆయన లివర్. యముడు అడ్రసు చూసుకోలేదనిపించింది.

ఆయన భార్య ఒక బడిలో ఆయాగా చేసేది, సెలవు దొరికేది కాదు. అందుకని దవాఖానాకు తోడు నేను పోయేవాణ్ణి. డాక్టరమ్మ చిన్న వయసుది, కృష్ణా జిల్లా వైపు మాట. ఇవాళ ఏ వారం, ఏ నెల, ముఖ్యమంత్రి ఎవరు అని అడిగింది. అన్నీ సరిగ్గా చెప్పాడు. “ముఖ్యమంత్రి పేరు మీకు తెల్వకనా మేడమ్, నాకు తెల్వదనా?” అని నవ్వించాడు కూడా. చేతులు చాపమంటే చాపాడు. వణుకు లేదు.

“తలకాయ మంచిగనే ఉంది మేడమ్, కడుపే ఖరాబైంది,” అన్నాను నేను.

ఆమె ఆ కాగితం తీసి ముందు పెట్టింది. ఒకటి నుంచి ఇరవై ఐదు దాకా గుండ్రాలు. “వీలైనంత త్వరగా వరసగా కలపండి,” అని గడియారం నొక్కింది.

నేను పిల్లల ఆట అనుకున్నాను. నా ముందు కూడా ఒక కాగితం పెడితే అర నిమిషంలో కలిపేశానని తరవాత చాలామందికి చెప్పుకున్నాను. నా ముందు ఎవరూ ఏదీ పెట్టలేదు.

ఆయన ఎనిమిది దాకా బాగానే పోయాడు. తొమ్మిది దగ్గర పెన్సిలు ఆగింది. పది ఆయన ముక్కు కిందే ఉంది. పెన్సిలు దాని మీదుగా ఒకసారి పోయింది. మళ్ళీ తిరిగొచ్చింది. మళ్ళీ దాటిపోయింది. అగ్గిపెట్టె మీద టన్ను ఇనుమును ఆనించిన చెయ్యి అది. ఆయన ఇరవై ఐదుకు చేరేసరికి డాక్టరమ్మ గడియారం వైపు చూసి, ఏదో రాసుకుంది.

తరవాత చెప్పింది. లివర్ వడగట్టాల్సిన విషాలు వడగట్టకపోతే రక్తంలో మెదడుకు చేరతాయట. ముదిరితే మనిషి పగలు నిద్రపోతాడు, తికమకగా మాట్లాడతాడు, స్పృహ తప్పుతాడు. అది అందరికీ కనిపిస్తుంది. దానికి ముందొక దశ ఉంటుంది. అది కనిపించదు. మాట బాగుంటుంది, నడక బాగుంటుంది, ఇంట్లోవాళ్ళకూ తెలియదు, ఆ మనిషికీ తెలియదు. చూపు నిలపడం, చూసినదానికి చెయ్యి కదలడం, అంతవరకే కొంచెం వెనకపడతాయి. “అందుకే కాగితం పెట్టి వెతకాలి. భయపడకండి, మందుంది. మీరేం పని చేస్తారు?”

ఆయన నోరు తెరిచాడు. అంతలో నేను అందుకున్నాను.

“స్టోర్ల మేడమ్. నట్లు, బోల్టులు లెక్క రాస్తడు.”

ఆయన నా వైపు తిరిగి చూశాడు. నోరు మూసుకున్నాడు.

ఎందుకన్నానంటే, ఆయనకు ముందు ఆ క్రేను నడిపినాయనకు చూపు తగ్గితే గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఆర్నెల్లకు గేటు బయట కూర్చోబెట్టారు. మా బావ బిడ్డ అప్పుడు నర్సు చదువు చివరి ఏడాదిలో ఉంది. ఆయనకు రిటైరుమెంటు మూడేళ్ళుంది. మూడేళ్ళు నెట్టుకొస్తే చాలనుకున్నాను.

చూశారా, జబ్బును కనిపెట్టింది నేను కాదు, కాగితం. నేను చేసింది ఆ కాగితం నోరు మూయించడం.

మందు తియ్యటి పాకంలాంటి సిరప్పు. పూటకింత తాగాలి. రోజుకు రెండుమూడుసార్లు విరేచనమైతేనే విషం బయటికి పోతుంది, అది తగ్గకుండా చూసుకోమంది డాక్టరమ్మ. కానీ క్రేను మీద పాయిఖానా ఉండదు కదా! మొదటిరోజు తాగి ఎక్కాడు. గంటలో మూడుసార్లు దిగాడు. ముప్ఫై రెండు మెట్లు దిగాలి, షెడ్డు దాటాలి, తిరిగొచ్చి ముప్ఫై రెండు మెట్లు ఎక్కాలి. మూడోసారి నిచ్చెన మధ్యలో ఆగి కడ్డీని కరుచుకుని నిలబడ్డాడు. కింద ఒకటే ఈలలు.

ఆ సాయంత్రం నేనే సలహా చెప్పాను. “డ్యూటీ ఉన్ననాడు పొద్దటిది ఇడిసెయ్ బావా. రాత్రికి రెండింతలు తాగు. లెక్క లెక్కే గద.”

“డాక్టరమ్మ పూట పూటకు అన్నది గద?”

“డాక్టరమ్మ క్రేనెక్కిందా?”

నవ్వాడు. మానేశాడు. పొద్దున ఇంట్లో భార్య చెంచాతో కొలిచి గ్లాసులో పోస్తే, బయటికొచ్చి తులసికోట... కాదు, వాళ్ళింట్లో తులసికోట ఎక్కడిది, మందారచెట్టు మొదట్లో పారబోసేవాడు. ఆ మందారం మాత్రం విరగబూసింది.

రెండు నెలల తరవాత మళ్ళీ కాగితం పరీక్ష ఉందన్నారు. ఇక్కడ మా షెడ్డు ఆచారం ఒకటి చెప్పాలి. ఏటా కంపెనీవాళ్ళు కళ్ళ పరీక్ష పెట్టేవాళ్ళు. గోడమీద అక్షరాల పటం. అట్టడుగు వరస చదవగలిగితే పాసు. ఆ అడుగు వరసను మేం బట్టలు మార్చుకునే గదిలో ఒకరికొకరు మంత్రంలా అప్పజెప్పుకునేవాళ్ళం. పదిహేనేళ్ళుగా అదే పటం. కళ్ళు మూసుకుని కూడా చదివేవాళ్ళున్నారు. ఆ పాఠం చెప్పే పంతుల్ని నేనే. పరీక్ష అంటే మాకు తెలిసిన అర్థం ఒకటే. పేపరు ముందే సంపాదించాలి.

డాక్టరమ్మ బల్లమీది కాగితం ఒకటి మొదటిసారే మడిచి జేబులో పెట్టుకున్నాను. నాచారం చౌరస్తాలో ఇరవై జిరాక్సులు తీయించాను. సాయంత్రాలు వాళ్ళింటి అరుగు మీద కూర్చుని రుద్దించాను. ఆయన కాగితం చూసి అంకెలు వెతకడం మానేశాడు. ఒకటి మధ్యలో, రెండు కుడిపక్క పైన, మూడు ఎడమ మూలన, అలా చేతికి నేర్పాడు.

ఆయన భార్య గుమ్మంలో నిలబడి చూస్తుండేది. నన్ను అన్నా అంటుంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగింది. “అన్నా, పరీక్ష పాసైతె రోగం పోతదా?”

“ముందు పాస్ గానియ్యి చెల్లె, పోవుడు సంగతి తర్వాత,” అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ రోజు వచ్చింది. డాక్టరమ్మ కాగితం పెట్టింది. నేను ఆమె కుర్చీ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయన ధీమాగా పెన్సిలందుకుని, ఒకటి నుంచి కుడిపక్కకు గీత లాగాడు. అక్కడ రెండు లేదు. పద్నాలుగు ఉంది.

కాగితం మారింది. గుండ్రాలన్నీ వేరే చోట్ల ఉన్నాయి. ఆయన చెయ్యి ఆగలేదు. పాత కాగితంలో మూడు ఉన్న ఎడమ మూలకు పోయింది. అక్కడ తెల్లకాగితం తప్ప ఏమీ లేదు. పెన్సిలు మొన ఆ ఖాళీలో గుచ్చుకుని నిలిచిపోయింది. ఆయన తలెత్తి నన్ను చూశాడు. కేబిన్‌లో నుంచి కిందికి చూసే చూపే అది.

నా చెయ్యి లేచింది. ఏం చేస్తున్నానో ఆలోచించలేదు. కుడికి తోశాను. పెన్సిలు కుడికి కదిలింది. వేలు కిందికి తిప్పాను. కిందికి వచ్చింది. పిడికిలి మూశాను. రెండు మీద ఆగింది. ఎడమకు, పైకి, ఆగు. మూడు. మేం నాలుగు దాకా పోయాం.

గడియారం ఆగిన చప్పుడైంది. డాక్టరమ్మ వెనక్కి తిరగలేదు. ఆయన కళ్ళు ఎక్కడ చూస్తున్నాయో చూస్తూ అడిగింది.

“ఏమిటండీ ఆ సైగలు?”

నేను చెయ్యి దించేశాను. ఆమె ఇప్పుడు నా వైపు తిరిగింది. “ఈయన స్టోర్‌లో చేయరు కదూ?”

“క్రేను నడుపుత మేడమ్,” అన్నాడు ఆయన. రెండు నెలలుగా ఆ మాట నాలుక మీద పెట్టుకున్నవాడిలా చెప్పాడు.

ఆమె మొహంలో రంగు పోయింది. “క్రేనా? మనుషుల తలల మీంచి?” ఆయన తలూపాడు. “ఆ కింద ఎవరు నిలబడతారు?”

“నేనే మేడమ్,” అన్నాను.

ఆమె నన్ను చూసిన చూపు నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కోపం కాదు. ఏదో వింత జంతువును చూసినట్టు చూసింది. “మీరు ఆపమన్నాక ఆయన ఆపడానికి ఆలస్యం కావడం లేదా? మీకు తెలియలేదా?”

“లేదు మేడమ్. ఎక్కడ ఆపాల్నో గక్కడ్నే ఆపుతడు. జర గూడ తేడా రాదు,” అన్నాను గర్వంగా. అది అబద్ధం కూడా కాదు. నేను నిజంగా అలాగే అనుకుంటున్నాను.

అడిగి అడిగి సిరప్పు సంగతి కూడా రాబట్టి, ఎందుకు మానేశారని ఇద్దరినీ కడిగి ఆరేసింది. ఈయన క్రేను నడపకూడదని కంపెనీకి ఉత్తరం రాసి, ఎందుకో ఆయనకివ్వకుండా నా చేతికిచ్చింది. చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున డ్యూటీలో మొదటి బరువు ఎత్తించాను. తీసుకొస్తున్నాడు. పిడికిలి మూశాను. ఆగింది. ఎప్పట్లాగే సరిగ్గా ఆగింది. అప్పుడు తల దించి నేను నిలబడ్డ చోటు చూసుకున్నాను.

నేలమీద పసుపురంగు గీత ఒకటుంది. బరువు ఆ గీత మీదికి రాగానే పిడికిలి మూయాలి. పద్దెనిమిదేళ్ళుగా అక్కడే మూస్తున్నాననుకుంటున్నాను. ఆ గీత నాకు రెండు స్తంభాల అవతల ఉంది. బరువు ఇంకా రెండు స్తంభాల దూరంలో ఉండగానే నేను ఆపమంటున్నాను. ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు. ముందు ఒక అడుగు జరిగి ఉంటాను, తరవాత ఇంకో అడుగు. చెప్పులో రాయి పడితే కాలు తనే సర్దుకుని నడిచినట్టు, నా చెయ్యి ఆయన ఆలస్యాన్ని నెలల తరబడి సర్దుకుంటూ వచ్చింది. నాకు చెప్పలేదు. స్తంభం పట్టుకున్నాను. పైనుంచి టక్కుటక్కుమని రెండు దెబ్బలు వినపడ్డాయి. అయిందీ, సంతోషం.

ఇప్పుడు నాకు అంతా తెలుసు. అయినా ఉత్తరం జేబులోనే ఉంచుకున్నాను. ఆ రోజు ఇవ్వలేదు. మర్నాడు ఇవ్వలేదు. ఆ మర్నాడూ ఇవ్వలేదు. ఫోర్‌మన్ గది ముందు రెండుసార్లు తచ్చాడి, నీళ్ళు తాగి వచ్చేశాను.

నాలుగోరోజు లారీలోకి రెండు టన్నుల దూలం ఎక్కిస్తున్నాం. నా వెనక లారీ, అటూ ఇటూ ఇనుము. రెండు స్తంభాల ముందే పిడికిలి మూశాను. దూలం వచ్చింది. ఆగాల్సిన చోటు దాటింది. ఇంకా వస్తోంది. నేను పిడికిలి అలాగే ఎత్తి పట్టుకున్నాను. అరవాలని కూడా తోచలేదు. మేం ఎన్నడూ అరుచుకోలేదు మరి. దూలం మొన నా చొక్కా గుండీకి తగిలి ఆగిందని చెబుతుంటాను. తగల్లేదు. జానెడు దూరంలో ఆగింది. జానెడంటే బోలెడు దూరం అనుకునేవాళ్ళు ఒకసారి రెండు టన్నుల ఇనుము ముందు నిలబడి చూడండి.

పైనుంచి పానా చప్పుడు రాలేదు. ఆయన దిగుతున్నాడు. లెక్కపెట్టడం లేదు.

ఇక్కడి నుంచి నేను చెప్పే కథ ఇలా ఉంటుంది: నేను ఆయన్ను కిందికి పిలిచి, భుజం మీద చెయ్యేసి, “బావా, ఇగ చాలు” అని, ఫోర్‌మన్ గదికి తీసుకెళ్ళి ఉత్తరం బల్లమీద పెట్టాను. వినేవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లుతాయి. జరిగింది అది కాదు. ఆయన చెప్పులు వేసుకోకుండా వట్టికాళ్ళతో నా దగ్గరికొచ్చి, రెండువేళ్ళు నా చొక్కా జేబులో పెట్టి, ఆ ఉత్తరం తీసుకుని, ఫోర్‌మన్ గదివైపు నడిచిపోయాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఎవరో వచ్చి నా చెయ్యి కిందికి దించేదాకా పిడికిలి మూసే ఉంది.

కంపెనీ ఆయన్ను గేటు బయటికి పంపలేదు. స్టోర్‌లో నట్లు, బోల్టులు లెక్క రాయమంది. నేనాడిన అబద్ధమే ఆయనకు కొలువైంది. స్టోర్ వెనకే పాయిఖానా. సిరప్పు పూటపూటకూ తాగాడు. కొన్ని నెలలకు డాక్టరమ్మ మళ్ళీ కాగితం పెడితే, ఈసారి సైగలు లేకుండా, నేను వరండాలో ఉండగా, చకచకా కలిపేశాడట. అంత తేలికగా బాగయ్యేదాన్ని నేను రెండు నెలలు ఆయన తలలో దాచి ఉంచాను. రాష్ట్రం వచ్చే ముందటేడు, ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో, కడుపులో నీరు చేరి పోయాడు. జ్ఞాపకార్థ కూడికలో నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. ముప్ఫై అడుగుల కింద నిలబడి జబ్బును ఎలా కనిపెట్టానో చెప్పాను. పాస్టరుగారు నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఆయన భార్య తల వంచుకుని కూర్చుంది.

దవాఖానా నుంచి వచ్చి ఇదంతా రాశాక, పోయిన ఆదివారం నాచారం వెళ్ళి ఆమెకు చదివి వినిపించాను. చింతపండు గింజ తీస్తూ వింది. చాయ్ ఫ్లాస్కు దగ్గర నవ్వింది. మందారం సంగతి దగ్గర, “నాకెర్కనే,” అంది. పసుపు గీత దగ్గర చేతులు ఆగిపోయాయి. అయిపోయాక అడిగాను.

“ఎట్లుంది చెల్లె? ఈసారి అంత నిజమే రాసిన.”

“మంచిగనే రాసినవ్ అన్నా. గని ఒక్కటి తప్పు. నువ్వు పిడికిలి ముందుగాల్ల మూస్తున్నవని నీకు ఎర్కైంది గా దినమా? ఆయనకు ఎప్పుడో ఎర్కైంది. రెండో పరీక్షకు పోకముందే.”

కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నాను. “నీకు జెప్పిండా?”

“ఒకనాడు పొద్దుగూకంగ వచ్చి అరుగు మీద కూసుండి జెప్పిండు. ‘బావ రెండు స్తంభాల ముంగట్నే పిడికిలి మూస్తుండు. అంటే నాకు గంత లేటైతున్నది’ అన్నడు. గట్లైతె దిగిపోరాదు అని నేను మొత్తుకున్న. ‘బావ నా కోసం దాస్తుండు. నేను దిగితె సిన్నబోతడు. బావే జెప్తడు, జెప్పంగనే దిగుత’ అన్నడు. డాక్టరమ్మ కాయిదం ఇచ్చినంక గూడ గదే మాట. పొద్దుగాల డ్యూటీకి పోంగ, ఇయ్యాల జెప్తడు అనుకుంట పోయిండు.”

తప్పు దిద్దుదామని జేబులోంచి పెన్ను తీశాను.

“నువ్వు కనిపెట్టలే అన్నా, దాసినవ్. కనిపెట్టింది ఆయన, నీ చెయ్యి జూసి. నీ నోటి మాట కోసం గన్ని దినాలు సూసిండు. నువ్వు జెప్పలే.”